దిద్దిన బిల్లు

మా ఇంటికి ఎక్కడా అప్పు లేదన్న కారణంగా బ్యాంకు నాకు అప్పు ఇవ్వడం కుదరదంది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఎండాకాలం మొదట్లో బ్యాంకు మెట్లు దిగుతున్నప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పటికి పదకొండేళ్లుగా ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తున్నాను. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేముకి సరిపడేట్టు అరగదీసి, బిగించి ఇవ్వడం నా పని. దుకాణం పెద్దాయనకి డెబ్బై దాటాయి. ఊళ్లో సగం మందికి చూపు సరిచేసిన మనిషికి తన చూపే తగ్గిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం బేరాల్లేని వేళ నన్ను పిలిచి, "అమ్మాయీ, దుకాణం నువ్వు తీసుకుంటావా? మిషన్లతో సహా ఇచ్చేస్తాను. ఈ జూలై ఆఖరుదాకా ఆగుతాను. ఆ తర్వాత మాత్రం ఆ ఫోను తొడుగులమ్మే ఆయనకి మాటిచ్చేస్తా. రోజూ వచ్చి కూర్చుని నా ప్రాణం తీస్తున్నాడు" అన్నాడు.

ఆయన అడిగిన ధరలో సగం నేను కూడబెట్టుకున్నదే ఉంది. మిగతా సగం కోసం బ్యాంకుకి వెళ్లాను. లోను ఆఫీసరు మంచివాడే. మెడకి టై బిగించుకుని, ఆ టై వల్లే ఊపిరాడనట్టు మాటమాటకీ మెడ తిప్పుకుంటాడు. నా వివరాలు కంప్యూటర్లో కొట్టి, కాసేపు చూసి, "మీకు చరిత్ర లేదండీ" అన్నాడు.

"అంటే?"

"మీరు ఎప్పుడూ అప్పు తీసుకోలేదు. కార్డు లేదు. వాయిదాల మీద ఒక్క ఫ్యాను కూడా కొనలేదు. ఇస్తే తిరిగి కడతారో లేదో మాకెలా తెలుస్తుంది చెప్పండి?"

"అప్పే చెయ్యనిదాన్ని ఎగ్గొడతానా?"

"ఎగ్గొడతారనడం లేదండీ. మాకు తెలీదు అంటున్నాను, అంతే." మెడ తిప్పుకుని, గొంతు తగ్గించి సలహా చెప్పాడు. "ఒక క్రెడిట్ కార్డు తీసుకోండి. సరుకులు, కరెంటు, నీళ్లు, ఫోను, అన్నీ దాని మీదే పెట్టండి. గడువులోపు పైసాతో సహా కట్టెయ్యండి. నాలుగు బిల్లులు అలా కట్టి చూపిస్తే నేను పైవాళ్లతో మాట్లాడతాను."

సలహా బాగానే ఉంది. దాన్ని మా అత్తయ్య చెవిన ఎలా వెయ్యాలన్నదే నాకు తోచలేదు.

మా అత్తయ్య ముప్పై ఒక్క ఏళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. బడి పుస్తకాలు, రైళ్ల టైంటేబుళ్లు, మందుసీసాల మీద చీటీలు, ఏదొస్తే అది. పని మానేసి ఆరేళ్లయినా చేతిలో ఎర్ర పెన్సిలు మానలేదు. మందుల షాపు బోర్డులో ఒక అక్షరం మీద గుడి ఎగిరిపోయిందని లోపలికెళ్లి చెప్పి, వాళ్లు సరిచేసేదాకా మూడు నెలలు ఇంకో షాపులో మందులు కొన్న మనిషి. ఇంటి డబ్బంతా ఆవిడ చేతిలోనే ఉంటుంది. అలమరలో ఏడు డబ్బాలు: అద్దె, కరెంటు, సరుకులు, మందులు, బస్సు, బట్టలు, సరదా. ఒకటో తారీఖున నా జీతం, మా ఆయన సంపాదన, తన పెన్షను కలిపి ఏడింటిలోకీ పంచుతుంది. ఒకదాంట్లో తగ్గిందని ఇంకోదాంట్లో చెయ్యి పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. ఈ లోకంలో ఎవరికీ ఒక్క పైసా బాకీ లేకుండా బతకడం ఆవిడకున్న ఒకే ఒక గొప్ప. ఆ గొప్ప చెప్పుకోవడానికి మాత్రం ఏమాత్రం మొహమాటపడదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేను నీళ్లు నములుతుంటే మా ఆయనే అందుకున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ సంగతైనా ఒక్క కుదుపుతో దించెయ్యడం ఆయనకి అలవాటు.

"అమ్మా, మనకి చరిత్ర లేదట. బ్యాంకువాడన్నాడు."

"లేకపోవడమేంట్రా? ముప్పై ఒక్కేళ్లు చరిత్ర పుస్తకాలు దిద్దాను నేను!"

సంగతంతా చెప్పాను. అత్తయ్య ముద్ద చేతిలో పట్టుకుని విన్నది. విన్నాక ఒంటికాలి మీద లేచింది. "అప్పు చెయ్యనివాళ్లకి అప్పివ్వరా? తాగడం చేతనవునని చూపిస్తేనే ఉద్యోగం ఇస్తామన్నట్టుంది! ఆ టై కట్టుకున్నాయన్ని ఒకసారి నా దగ్గరికి రమ్మను."

రెండు రోజులు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేను ఆశ వదులుకున్నాను. మూడోరోజు నేను చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి, "ఆ కార్డుల కాగితాలేవో ఉంటాయిగా, వచ్చేటప్పుడు పట్రా" అంది.

"ఎందుకత్తయ్యా?"

"తిట్టాలన్నా చదివే తిట్టాలి కదమ్మా."

మూడు రకాల కార్డుల కాగితాలు తెచ్చాను. అత్తయ్య భూతద్దం, ఎర్ర పెన్సిలు ముందు పెట్టుకుని కూర్చుంది. మా ఆయన మనసు మొదటి చూపులోనే నల్ల కార్డు మీదికి పోయింది. అది ఉంటే విమానాశ్రయంలో మెత్తటి సోఫాల గదిలో ఊరికే కూర్చోబెట్టి టీ ఇస్తారట.

"మనం విమానం ఎప్పుడెక్కాంరా?" అంది అత్తయ్య తలెత్తకుండా.

"ఎక్కలేదు. కార్డుంటే ఎక్కబుద్ధవుతుందేమో."

"పొద్దస్తమానం పైకీ కిందకీ తిరిగేది చాల్లేదా నీకు? ఏడాదికి ఎంత కట్టాలో చూశావా దీనికి? ఆ డబ్బుతో టీ కొట్టే కొనుక్కోవచ్చు."

రెండోది బంగారు రంగు కార్డు. తీసుకున్నవాళ్లకి ఒక సూట్‌కేసు ఇస్తారు. అత్తయ్య సూట్‌కేసు బొమ్మ పక్కన ఉన్న చిన్న చుక్క గుర్తుని పట్టుకుని, ఆ గుర్తు మళ్లీ ఎక్కడ దొరుకుతుందా అని పదకొండు పేజీలు వెతికింది. చివరికి దొరికింది. మూడు నెలల్లో మా ఇంటి ఏడాది ఖర్చంత ఖర్చుపెడితేనే సూట్‌కేసు. "ఇంత చిన్నక్షరాల్లో వేశారంటే అక్కడే అసలు సంగతి ఉందన్నమాట" అని దానిచుట్టూ ఎర్రగా సున్న చుట్టింది.

ఆవిడకి బాగా కోపం తెప్పించింది 'కనీస మొత్తం' అన్న మాట. "ఎంత ముద్దుగా రాశాడో చూడు. 'ఈ కొద్ది మొత్తం కడితే చాలు' అని మొదటి పేజీలో అంటాడు. పూర్తిగా కట్టకపోతే బిల్లు మొత్తం మీదా కొన్న రోజు నుంచే వడ్డీ అని అయిదో పేజీలో అంటాడు. చదివేవాడు అయిదో పేజీకి రాడని వీడి ధీమా."

మూడో కార్డు వానాకాలపు ఆకాశం రంగులో చప్పగా ఉంది. ఏడాది రుసుము లేదు, సూట్‌కేసు లేదు, సోఫా లేదు. సరుకులకి వాడితే నూటికి రెండు, కరెంటు లాంటి బిల్లులకి నూటికి ఒకటి వెనక్కిస్తాడు. అదీ మా టై ఆఫీసరు బ్యాంకుదే. "ఇది తీసుకో" అంది అత్తయ్య. "ఆ రెండూ చదవడానికి మూడేసి సాయంత్రాలు పట్టాయి. దీనికి ఒక్కటే పట్టింది."

మర్నాడు దుకాణంలో పని సగంలో వదిలేసి బ్యాంకుకి పరిగెత్తాను. దరఖాస్తు ఫారంలో వాళ్లు వేలు పెట్టి చూపించిన చోటల్లా టిక్కులు, సంతకాలు పెట్టేశాను. చదివే మనిషిని ఇంట్లో వదిలేసి వచ్చానని అప్పుడు నాకు తట్టనే లేదు.

కార్డు వచ్చిన రోజు అత్తయ్యని తీసుకుని సరుకుల కొట్టుకి వెళ్లాను. కార్డు మిషను మీద ఆనించగానే అది కుయ్‌మంది. "అయిపోయిందా?" అంది అత్తయ్య. అయిపోయిందన్నాను. ఆవిడ కొట్టతని మొహంలోకి చూసి, సంచి పట్టుకుని, దొంగతనం చేసినవాళ్లలా గబగబా బయటికి నడిచింది. ఇంటికి రాగానే చేసిన మొదటి పని, సరుకుల డబ్బాలోంచి ఆ బిల్లు మేరకు డబ్బు తీసి, ఖాళీగా ఉన్న బిస్కెట్ల డబ్బాలో వెయ్యడం. దాని మీద 'కార్డు' అని చీటీ అంటించింది.

"ఇప్పుడు మనకి బాకీ లేదు" అంది తేలిగ్గా ఊపిరి తీసుకుని. "డబ్బు పక్కన పెట్టేశాం. వాడు వచ్చి అడగడమే తరువాయి."

ఆ నెలంతా ఇల్లు అలాగే నడిచింది. కరెంటు బిల్లు కార్డు మీద కడితే కరెంటు డబ్బాలోంచి ఎనిమిదో డబ్బాలోకి. మందులు కొంటే మందుల డబ్బాలోంచి. మా ఆయన ఒకసారి ఎవరికీ చెప్పకుండా కార్డుతో చేపలు పట్టే గేలం కొనుక్కొచ్చాడు. సరదా డబ్బా బోర్లించినా దాని ధరలో సగం రాలేదు. మిగతా సగం కోసం నెలాఖరుదాకా ఆయన టీలు, సిగరెట్లు బంద్. అన్ని రోజులూ పొద్దున్నే లేచి వంతెన దగ్గర కూర్చున్నా ఆ గేలానికి ఒక్క చేపా పడలేదన్నది వేరే సంగతి. సిగరెట్లు మాత్రం అప్పటినుంచి నిజంగానే మానేశాడు.

బిల్లు వచ్చింది. ఎనిమిదో డబ్బాలో డబ్బు, బిల్లులో అంకె, రెండూ ఒకటే. ఫోనులో కట్టేస్తానని నేనన్నా అత్తయ్య ఒప్పుకోలేదు. స్వయంగా బ్యాంకు కౌంటరు దగ్గరికెళ్లి, నోట్లు కట్టి, రసీదు మీద ముద్ర వేయించుకుంటేగానీ ఆవిడకి తృప్తి లేదు. ఆ పని ఆవిడకే వదిలేశాను. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నడకే మారిపోయింది. రెండు వందల పన్నెండు వెనక్కొచ్చింది మరి!

"ఎందుకిస్తున్నాడో అడిగాను" అంది చెమట తుడుచుకుంటూ. "కొట్టువాళ్ల దగ్గర కొంత తీసుకుంటాడట. మనలా కాకుండా, పూర్తిగా కట్టనివాళ్ల దగ్గర వడ్డీ చాలా వస్తుందట. ఆ టై ఆయనే చెప్పాడు. కుర్రాడు మంచివాడేనే, మెడకే ఏదో అయింది."

రెండో బిల్లూ అంతే. మూడోదీ కట్టేసి వచ్చింది. అప్పటికి మా ఇంట్లో నిజంగా పండగ వాతావరణం. పెద్దాయన దుకాణంలో ఏ బల్ల ఎటు జరపాలో, ఏ గోడకి ఏ రంగు వెయ్యాలో మా ఆయన కాగితాల మీద గీస్తున్నాడు. పెద్దాయన కూడా బేరానికొచ్చినవాళ్లతో, "వచ్చే నెల నుంచి ఈ అమ్మాయిదే" అనేస్తున్నాడు. ఫోను తొడుగులాయన రావడం తగ్గించాడు. నేను అద్దాలు అరగదీస్తూ కూనిరాగాలు తీస్తున్నానని ఒక పంతులమ్మ వచ్చి చెబితేగానీ నాకే తెలియలేదు.

నాలుగో బిల్లు దుకాణంలో ఉండగా ఫోనుకి వచ్చింది. తెరిచి చూశాను. అందులో 'వడ్డీ' అన్న మాట ఉంది. దాని పక్కన ఆరువందల నలభై. ఆ పైన, 'గత బిల్లు పూర్తిగా చెల్లించలేదు' అని ఒక వాక్యం. మూడుసార్లు చదివాను. పెద్దాయన కౌంటరు వెనక నుంచి, "ఏమైందే, అద్దం పగిలిందా?" అన్నాడు. ఏం లేదన్నాను.

ఇంటికెళ్లి చెప్పులైనా విప్పకుండా అడిగాను. "అత్తయ్యా, పోయిన నెల బిల్లు మొత్తం కట్టారా?"

"కట్టాను. దిద్ది కట్టాను."

"దిద్ది... అంటే?"

ఆవిడ అలమరలోంచి ఫైలు తీసి మూడో బిల్లు చూపించింది. సరుకులు, కరెంటు, నీళ్లు, మందులు, అన్నిటి పక్కనా ఎర్రగా టిక్కులు. చివరి వరసలో 'కార్డు రక్షణ పథకం: తొంభై తొమ్మిది' అని ఉంది. ఆ వరస మీద తిన్నగా ఒక గీత కొట్టి, అంచులో తీసెయ్యమనే గుర్తు పెట్టింది. కింద మొత్తాన్ని కూడా కొట్టేసి, తొంభై తొమ్మిది తగ్గించి, కొత్త మొత్తం రాసి పొడి అక్షరాలతో సంతకం చేసింది. చూడ్డానికి ఎంత పొందిగ్గా ఉందో!

"మనం ఎప్పుడూ కొనలేదమ్మా అది. పొరపాటున పడింది. తీసేసి, మొత్తం సరిచేసి, సరిచేసినంతా కట్టాను. కౌంటర్లో అమ్మాయి 'ఇంతే కడతారా?' అంది. ఇంతే అన్నాను. ముద్ర వేసి ఇచ్చింది."

మా ఆయనకి నవ్వు ఆగలేదు. "అమ్మా! బ్యాంకువాడు నీకు పంపింది బిల్లు! ప్రూఫు కాదు!"

నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే ఒళ్లు మండిపోయింది. దుకాణం చేతిదాకా వచ్చి తొంభై తొమ్మిదికి జారిపోతోంది. నా నాలుక చివర ఏమేం మాటలున్నాయో నాకే తెలుసు. ఈలోగా అత్తయ్య నా ఫోను తీసుకుని నాలుగో బిల్లు చదివింది. చదివి, మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"పూర్తిగా కట్టకపోతే బిల్లు మొత్తం మీదా కొన్న రోజు నుంచే వడ్డీ. అయిదో పేజీ, పైనుంచి నాలుగో పేరా" అంది. "నాకు కంఠతా వచ్చు ఆ వాక్యం."

ఫోను నా చేతికి తిరిగిచ్చేసింది.

"నేను గీత పెడితే అది పోయేదమ్మా" అంది. "ముప్పై ఒక్కేళ్లూ అంతే. గీసి కిందికి పంపితే తెల్లారేసరికి ఆ తప్పు ఉండేది కాదు. ఇక్కడా అంతేననుకున్నాను. అడగాలని తోచలేదు." ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది. "నీ దుకాణం మీదికి తెచ్చాను."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆవిడ అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆ తొంభై తొమ్మిది పడేట్టు ఎక్కడో సంతకం పెట్టి వచ్చిందాన్ని నేను కదత్తయ్యా. చదవకుండా పెట్టాను. మీరు చదివి చేశారు, నేను చదవకుండా చేశాను. రేపు ఇద్దరం కలిసే వెళదాం."

మర్నాడు బ్యాంకు తలుపులు తీసేసరికి ఇద్దరం మెట్ల మీదున్నాం. ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చున్నావిడ మా సంగతి విని, కంప్యూటర్లో చూసి, నిమ్మకు నీరెత్తినట్టు జవాబు చెప్పింది.

"రక్షణ పథకం మీరే కావాలన్నారండీ. మొదటి రెండు నెలలు ఉచితం, మూడో నెల నుంచి తొంభై తొమ్మిది. దరఖాస్తులో టిక్కు పెట్టారు." నా ఫారం తెప్పించి చూపించింది. ఏడో పేజీలో చిన్న గడి, అందులో టిక్కు ఉంది. కింద నా సంతకం. నాకు తల కొట్టేసినట్టయింది.

అత్తయ్య భూతద్దం తీసి ఆ టిక్కు మీదికి వంగింది. తర్వాత మూడో పేజీకి వెళ్లింది, మళ్లీ ఏడుకి వచ్చింది. వేలు తడిచేసి టిక్కు మీద రుద్దింది.

"ఇది మా అమ్మాయి పెట్టింది కాదు."

"సంతకం ఆవిడదే కదండీ?"

"సంతకం దానిదే. టిక్కు అచ్చులో పడింది. మూడో పేజీలో అది పెన్నుతో పెట్టిన టిక్కులు చూడు. కాగితం వెనక తడిమితే చేతికి తగులుతున్నాయి. ఇది తగలదు. సిరా కూడా ఈ గడి గీసిన సిరాయే." అత్తయ్య భూతద్దం మడిచింది. "నా మాట నమ్మొద్దు తల్లీ. ఎవరూ ముట్టని ఖాళీ ఫారం ఒకటి తెప్పించు."

ఖాళీ ఫారం వచ్చింది. ఏడో పేజీ తీస్తే, ఇంకా ఎవరి పేరూ రాయని ఆ కాగితంలో, చిన్న గడిలో, టిక్కు బుద్ధిగా కూర్చుని ఉంది.

మా వెనక వరసలో నిలబడ్డ ఒకాయన మెడ చాచి చూసి, "నాక్కూడా ఆ తొంభై తొమ్మిది పడుతోందండీ!" అన్నాడు. ఆయన వెనకావిడ ఫోను తీసి తన బిల్లు వెతకడం మొదలుపెట్టింది. ఫిర్యాదుల ఆవిడ మొహం ఎర్రబడింది. లోపల్నుంచి మేనేజరు వచ్చాడు, ఫారం చూశాడు, మమ్మల్ని కూర్చోమన్నాడు, నీళ్లిప్పించాడు. తొంభై తొమ్మిదీ, దాని వల్ల పడ్డ వడ్డీ కూడా వెనక్కిస్తామని కాగితం రాసిచ్చాడు. నలభై అయిదు రోజులు పడుతుందన్నాడు. అత్తయ్య ఆ కాగితంలో రెండుచోట్ల కామాలు పెట్టి తీసుకుంది.

నలభై అయిదు రోజులు! పెద్దాయన పెట్టిన గడువుకి తొమ్మిది రోజులే ఉన్నాయి.

పక్క గదిలో టై ఆఫీసరు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. "మీరు చేసింది చాలా మంచి పనండీ. కానీ ఈ ఫిర్యాదు తేలేదాకా మీ ఖాతాలో బాకీ ఉన్నట్టే కనిపిస్తుంది. ముందు మొత్తం కట్టెయ్యండి. అది తర్వాత ఎలాగూ వెనక్కొస్తుంది."

తనది కాని తప్పుకి డబ్బు కట్టడమంటే అత్తయ్యకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ నోరెత్తకుండా సంచిలోంచి ఎనిమిదో డబ్బా డబ్బూ, చాలనిదానికి తన పెన్షన్లో దాచుకున్నదీ తీసి, కౌంటరుకి వెళ్లి, తొంభై తొమ్మిదీ వడ్డీతో సహా బిల్లు మొత్తం కట్టి వచ్చింది. రసీదు బల్ల మీద పెట్టింది. ఆఫీసరు దాన్ని చూసి తలాడించాడు గానీ మొహంలో వెలుగు రాలేదు.

"మూడు బిల్లులు శుభ్రంగా ఉన్నాయి. ఒకటి తగ్గింది. నేను సంగతి రాసి పంపిస్తాను, కానీ పైవాళ్లు ఒక్కటే అడుగుతారు." మెడ తిప్పుకున్నాడు. "నెలనెలా ఒకేలా ఆదాయం వచ్చేవాళ్లెవరైనా మీతో కలిసి అప్పు తీసుకుంటే ఈ వారమే అయిపోతుందండీ. మీవారు..."

"ఆయనది పిలిచిన రోజు పనండీ. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ."

"మరి ఇంట్లో ఇంకెవరికైనా?"

ఆయన నావైపే చూస్తూ అడిగాడు. నేనూ ఆయనవైపే చూశాను. దుకాణం తీసుకున్నాక నా జీతం ఎలాగూ ఉండదు, నెలనెలా ఒకే మొత్తం వచ్చేది మా ఇంట్లో ఒక్క పెన్షనే. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. నేను అడగలేను. అరవై అయిదేళ్లు నిలబెట్టుకున్న ఒకే ఒక గొప్పని నా దుకాణం కోసం వదులుకోండని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? దుకాణం పోతే పోయిందనిపించింది.

"ఎవరూ లేరండీ" అన్నాను. "పెద్దాయన్ని ఇంకో నెల ఆగమని అడిగి చూస్తాను."

ఆయన ఆగడని నాకు తెలుసు. సంచి భుజానికి తగిలించుకుని లేచాను. అత్తయ్య లేవలేదు.

"అప్పు కాగితమేదో ఉంటుందిగా బాబూ, ఒకసారి ఇలా ఇవ్వు" అంది.

పధ్నాలుగు పేజీలు ఇచ్చాడు. అత్తయ్య భూతద్దం తెరిచింది. ఆఫీసరుకి టీ వచ్చింది, చల్లారిపోయింది. ఇంకో టీ వచ్చింది, అదీ చల్లారింది. నేను నిలబడలేక మళ్లీ కూర్చున్నాను.

"ఇవి ఎవరూ పూర్తిగా చదవరండీ" అన్నాడాయన ఉండబట్టలేక.

"అందుకేగా ఇలా రాస్తారు. మధ్యలో వడ్డీ మారుస్తారా?"

"మార్చం."

"ముందే తీర్చేస్తే జరిమానా?"

"లేదండీ."

"ముందే పెట్టిన టిక్కులేమైనా ఉన్నాయా?"

"అయ్యో, లేవమ్మా!"

"లేవు. చూశాను." ఆవిడ మళ్లీ మొదటి పేజీకి వచ్చింది. 'రుణం తీసుకునేవారు' అన్నచోట నా పేరుంది. ఎర్ర పెన్సిలు తీసి నా పేరు పక్కన చిన్న హంసపాదు పెట్టింది. దాని పైన గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసింది. కాగితాన్ని ఆయనవైపు తిప్పింది.

"ఇక్కడ ఒక పేరు పడిపోయింది."

ఆఫీసరు ఆ కాగితాన్ని, ఆవిడని, నన్ను మార్చి మార్చి చూశాడు. "అమ్మా, ఇలా చేత్తో రాస్తే చెల్లదండీ. మొత్తం మళ్లీ ప్రింటు తియ్యాలి."

"తియ్యి నాయనా. దిద్దేది అందుకే."

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. నా కళ్లలో నీళ్లు ఆగడం లేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అత్తయ్యా, ఇది అప్పు."

"పధ్నాలుగు పేజీలు చదివాను. నాకు తెలీదా అప్పని?" అంది. "కళ్లు తుడుచుకో. ఆయన జాలిపడి ఇచ్చాడనుకుంటారు."

మూలనున్న మిషను గుర్రుమంటూ ఒక్కో పేజీ బయటికి తోస్తోంది. అత్తయ్య అటే చూస్తూ అడిగింది.

"ఎన్నేళ్లు బాబూ ఇది?"

"నాలుగేళ్లమ్మా. నలభై ఎనిమిది వాయిదాలు."

"అయితే నాలుగేళ్లదాకా నేను పోవడానికి వీల్లేదన్నమాట" అంది అత్తయ్య. వెచ్చగా ఉన్న కాగితాల కట్ట తన ముందుకు లాక్కుని, మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.